మగ్గం గదిలో చూసిన జపాన్ బేస్

పాత బేస్ గిటారు కొనాలనుకునే పిల్లలు ఇప్పటికీ నాకు ఫోను చేస్తుంటారు. ఒక్కసారి వచ్చి చూడన్నా, నువ్వు ఊ అంటే చాలు, తీసేసుకుంటాం అంటారు. రానంటాను. నడుము పట్టేసిందంటాను, బస్సు పడదంటాను. కదిరి వైపు నుంచి ఒక అబ్బాయి మరీ పట్టుబడితే, పెనుకొండ కొండ మీద కోతి నా కుడి చెవి కొరికిందనీ, అప్పట్నుంచీ లావు తీగ మోత వినబడడం లేదనీ చెప్పాను. వాడు పాపం నమ్మి, ఏ ఆసుపత్రిలో చూపించినావన్నా అని అడిగాడు.

నా సంగతి అదీ. అబద్ధం చెప్తే జిల్లా అంతా నమ్ముతుంది. అసలు కారణం మాత్రం ఒకే ఒక్కసారి, ఒకే ఒక్క మనిషికి చెప్పాను. ఆమె పడీ పడీ నవ్వింది. అందుకే ఈసారి నోటితో కాకుండా కాగితం మీద చెప్తున్నాను. నా గొంతు వినబడకపోతే నమ్మబుద్ధి అవుతుందేమోనని ఒక ఆశ.

ముందు నా పని గురించి కొంచెం చెప్పాలి. మాది దూదేకుల ఇల్లు. మా నాయన ఊరూరూ తిరిగి పరుపులు కుట్టేవాడు. దూది ఏకడానికి ఆయన దగ్గర మనిషెత్తు విల్లు ఉండేది. దాని నారిని కొయ్య గూటంతో మీటితే ధుం... ధుం... అని ఒక మోత వచ్చేది. అది చెవికి వినబడేది కాదు, రొమ్ములో కొట్టుకునేది. నేను ఊయలలో ఉండగా ఏడిస్తే మా అమ్మ పాలు ఇచ్చేది కాదట, నాయన వచ్చి విల్లు మోగించేవాడట. ఇది నేను కల్పించిన కథ కాదు. కల్పించింది మా అమ్మ. మా ఇంట్లో ఈ విద్య ఆవిడ వైపు నుంచి వచ్చింది.

ఆ మోత కోసమే నేను ఆర్కెస్ట్రాలో బేస్ పట్టుకున్నాను. బేస్ గిటారుకు నాలుగు లావు తీగలుంటాయి. పాటలో దాన్ని వేరుగా ఎవరూ వినరు. పెళ్ళికి వచ్చినవాళ్ళు పాడేవాళ్ళను చూస్తారు, డ్రమ్ముల వైపు పిల్లల్ని చూపిస్తారు, మమ్మల్ని చూసి ఈయనెందుకు నిలబడ్డాడో అనుకుంటారు. అది ఆగిపోతే మాత్రం పాట నడుము విరిగినట్టు కూలబడుతుంది. అట్లా ఎవరికీ వినబడకుండా నా యవ్వనమంతా వాయించాను. తర్వాత డీజే బాక్సులు వచ్చాయి, ఆర్కెస్ట్రాలు పోయాయి. అనంతపురంలో ఒక చిన్న రిపేరు షాపు పెట్టుకున్నాను. పాత వాయిద్యాలు అమ్మేవాళ్ళకూ కొనేవాళ్ళకూ మధ్య నిలబడి, ఇది మంచిది, ఇది కాదు అని చెప్పడం నా పని అయింది.

ఆర్కెస్ట్రా రోజుల్లో నాకు ఒకే ఒక్క అంకుశం ఉండేది. అది మా డ్రమ్మరు. మనిషి తక్కువ మాట్లాడేవాడు. పాటకూ పాటకూ మధ్య నేను మైకు పట్టుకుని కథలు మొదలుపెడితే, కాసేపు ఓర్చుకుని, మరీ శ్రుతి మించినప్పుడు డ్రమ్ము అంచు మీద కర్రతో టక్‌మని ఒక్క దెబ్బ కొట్టేవాడు. అంటే ఇంక చాలు అని. నేను నోరు మూసి తీగ పట్టుకునేవాణ్ణి. ఆయన పోయాక నన్ను ఆపేవాళ్ళు లేకపోయారు.

ఆయన కూతురే నా దగ్గర బేస్ నేర్చుకుంది. వాళ్ళది రాయదుర్గం. తల్లీకూతుళ్ళు ఇద్దరూ ఒకే జీన్స్ యూనిట్లో పని. పాప మిషను మీద ప్యాంటు జేబులు కుట్టేది, తల్లి కుట్టు అయిపోయిన ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించేది. సెలవు దొరికినప్పుడల్లా పాప బస్సెక్కి నా షాపుకు వచ్చేది. నన్ను మామా అని పిలిచేది. తండ్రి లాగే మాట తక్కువ, తాళం ఎక్కువ. ఏడాది తిరిగేసరికి నా వేళ్ళకు రానిది ఆ అమ్మాయి వేళ్ళకు వచ్చింది. ఈ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు. గురువులకు అదొక రోగం.

వాయించడమే కాదు, పాత బేస్‌ను ఎట్లా పరీక్ష చెయ్యాలో కూడా నేర్పాను. మీరూ వినండి, పనికొస్తుంది. వాయిద్యాన్ని తుపాకీలాగా కంటికి ఆనించి మెడ తిన్నగా ఉందో లేదో చూడాలి. మెడ మీద అడ్డంగా సన్నటి లోహపు పట్టీలుంటాయి, వాటిని ఫ్రెట్లు అంటాం, ప్రతి ఫ్రెట్టు మీదా నొక్కి వినాలి. స్పీకరు బాక్సుకు వైరు పెట్టి గరగర వస్తోందేమో చూడాలి, వైరు లేకపోతే దాని మోత పక్కవాడికి కూడా వినబడదు. అన్నిటికన్నా ముఖ్యం, మెడ లోపల దాగి ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. తీగలు లాగే లాగుడుకు మెడ వంగిపోకుండా పట్టి ఉంచేది అదే. తల దగ్గర ఒక చిన్న నల్ల మూత ఉంటుంది, అది విప్పితే కడ్డీ నట్టు కనబడుతుంది. దానికి అలెన్ కీ అనే ఆరుపలకల ఇనుప కీ పెట్టి కొంచెం అటు, కొంచెం ఇటు తిప్పి చూడాలి. తిరిగితే ఆ మెడకు రేపు జబ్బు చేసినా మందుంది. తిరగకపోతే ఎంత అందంగా ఉన్నా దండం పెట్టి వచ్చెయ్యాలి. ముందు కీ తిప్పు, తర్వాతనే నోరు తిప్పు. ఇది నేను ఆ పాపకు నేర్పిన మొదటి పాఠం.

ఇప్పుడు పెళ్ళిళ్ళలో పాత పాటలు ఎదురుగా నిలబడి వాయించాలని మళ్ళీ అడుగుతున్నారు. బళ్ళారి ఆర్కెస్ట్రా పెద్దాయన ఒకాయన పాప వాయింపు విని, సొంత బేస్ ఉంటే వచ్చెయ్యమన్నాడు. కొత్తరకం పల్చటి శబ్దం వద్దు, పాతకాలం జపాన్ బేస్ అయితే మేలన్నాడు. అదే వారంలో నాకు ధర్మవరం నుంచి కబురు వచ్చింది. ఒక పట్టుచీరల నేతగాడు పడుచుతనంలో వాయించిన జపాన్ బేస్ అమ్ముతున్నాడట. నేనూ పాపా కలిసి పోయాం. కీ పాప చేతిలోనే ఉంది.

మిట్టమధ్యాహ్నం. అనంతపురం నుంచి బత్తలపల్లె మీదుగా ఆ బస్సులో కూర్చున్నవాళ్ళకు ఎండ గురించి నేను చెప్పక్కర్లేదు. దిగి నడిచి ఆ ఇంటి మగ్గం గదిలోకి అడుగు పెట్టగానే ప్రాణం లేచి వచ్చింది. గుంత మగ్గం అది. నేతగాడు కాళ్ళు గుంతలో పెట్టుకుని కూర్చుంటాడు. మన పొడిగాలికి పట్టుపోగులు పుటుక్కున తెగుతాయని గుంతలోనూ నేల మీదా నీళ్ళు చల్లుతారు, కిటికీలకు తడి గోనెసంచులు కడతారు. ఆ చల్లదనంలో, మగ్గానికి పైన గోడ మీద, అంచులు నలుపు తిరిగిన తేనెరంగు బేస్ వేలాడుతోంది. ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉందట.

కంటికి ఆనించి చూశాను. మెడ గీత గీసినట్టు ఉంది. ఫ్రెట్లన్నీ సరిగ్గా మోగాయి. నేతగాడు మర్యాదస్తుడు, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"ఎప్పుడు తీసి వాయించినా ఇట్లనే ఉంటాదన్నా. ఒక్క పొద్దు కూడా మెడ వంగలే. నాకే ఈ మగ్గం సప్పుడుకు చెవులు పోయినాయి, ఇంగ దీన్ని పెట్టుకొని ఏం జేయల్ల?"

ఒక్క పొద్దు కూడా వంగని మెడ అని ఎవరైనా చెప్తే నా వృత్తివాడికి వెంటనే అనుమానం రావాలి. ఎందుకు వంగలేదు అని అడగాలి. నేను అడగలేదు. కరువుసీమలో పుట్టినవాడికి తేమ కనబడితే చేతులు జోడించడం తెలుసు గానీ అనుమానించడం తెలియదు. మా భయమంతా ఎప్పుడూ ఎండ మీదే. కొయ్య ఎండుతుందేమో, పగులుతుందేమో అనే చూస్తాం. తడి కూడా ఒక దొంగేనని మాకు ఎవరు నేర్పారు? ఆ గదిలో చల్లబడింది నా ఒళ్ళు మాత్రమే కాదు, బుర్ర కూడా.

దానికి తోడు ఇంట్లోవాళ్ళూ పక్క మగ్గాలవాళ్ళూ వచ్చి గుమ్మం దగ్గర చేరారు. జనం చేరితే నేనేం చేస్తానో మీకిప్పటికి తెలిసి ఉంటుంది. బత్తలపల్లెలో ఒక పెళ్ళికి ఇట్లాంటి జపాన్ బేస్ వాయించాననీ, లావు తీగ మోతకు పెళ్ళికొడుకు తాత పెట్టుడు పండ్లు ఊడి పాయసంలో పడ్డాయనీ, పడి కూడా ఊరుకోకుండా పాట అయిపోయేదాకా తాళం వేశాయనీ మొదలుపెట్టాను. జనం నవ్వడం మొదలైంది.

అప్పుడు పాప కీ నా ముందుకు చాచింది. "మామా, కడ్డీ తిప్పి చూడు" అంది, మెల్లిగా.

ఉండు పాపా, చెప్తాండా గదా అన్నాను. కీ తీసుకున్నాను కూడా. తీసుకుని, పండ్లు పాయసంలో తాళం ఎట్లా వేశాయో చూపించడానికి దానితో స్టీలు గ్లాసు అంచు మీద టకటకా కొట్టాను. నేతగాడు మగ్గం మీద పడి నవ్వాడు. ఆ నవ్వులోనే కీ నా జేబులోకి పోయింది. నల్ల మూత విప్పకుండానే పాప వైపు తిరిగి, కండ్లు మూసుకొని తీసుకో పాపా, ఇట్లాంటిది మళ్ళీ దొరకదు అన్నాను. పాప నా జేబు వైపు ఒకసారి చూసింది. పెద్దవాణ్ణి, తండ్రి స్నేహితుణ్ణి, పాఠం చెప్పినవాణ్ణి. మళ్ళీ అడగలేదు.

దాచుకున్నదంతా పెట్టి కొనుక్కుంది. మిషను వదిలేసింది. ఆ మరునాడే దాని మీద వేరే అమ్మాయి కూర్చుంది.

తర్వాత పాప రెండు మూడుసార్లు ఫోను చేసింది. మామా, తీగలు మెడకు దూరం జరిగినట్టు ఉండాయి, నొక్కితే వేళ్ళు నొస్తాండాయి అంది. అది కొత్తకోడలు పాపా, పుట్టిల్లు యాదికొచ్చి మూతి ముడుచుకుంది, రాయదుర్గం గాలి అలవాటైతే నవ్వుతుంది అన్నాను. ఇంకోసారి, ఫ్రెట్ల కొనలు పక్కకు పొడుచుకొచ్చి అరచెయ్యి గీరుకుపోతోందంది. అప్పుడు కూడా ఏదో చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు, నవ్వొచ్చేదే చెప్పి ఉంటాను. ఆ రోజే బస్సెక్కి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

ఆమె మొదటి కార్యక్రమం రాయదుర్గంలోనే కుదిరింది. ఎవరింట్లోననుకున్నారు? ఆమె వదిలేసి వచ్చిన యూనిట్ యజమాని ఇంటి పెళ్ళి రిసెప్షన్. కుట్టేవాళ్ళూ, కత్తిరించేవాళ్ళూ, బటన్లు కొట్టేవాళ్ళూ అందరికీ పిలుపు. జేబులు కుట్టిన పిల్ల స్టేజి ఎక్కుతోందని ఆడవాళ్ళంతా ఉన్నదాంట్లో మంచి చీరలు కట్టుకుని వచ్చారు. ఆ రోజు పొద్దున పాప ఫోను చేసి, మామా, నువ్వు రావల్ల అని ఒక్కమాట అంది. ఈసారి కథ చెప్పకుండా బస్సెక్కాను.

సాయంత్రం, ఎండ ఇంకా ఉంది. షామియానా వెనకాల పాప బేస్ నా చేతిలో పెట్టింది. ఎడమచేతి వేళ్ళకు ప్లాస్టర్లు. కంటికి ఆనించి చూశాను. మెడ మా నాయన దూదేకే విల్లులాగా వంగి ఉంది. మగ్గం గది తడికి అలవాటుపడిన కొయ్య మన గాలికి ఎండి, ముడుచుకుని, తీగల లాగుడుకు లొంగిపోయింది. ఫ్రెట్ల కొనలు అంచుల్లో ముళ్ళలాగా తేలాయి. అప్పుడు విప్పాను నల్ల మూత. ఎర్రటి పొడి నా ఒళ్ళో రాలింది. కొయ్యను అన్నేళ్ళు కాపాడిన ఆ తడే లోపలి ఇనుమును తినేసింది.

తుప్పు పట్టిన నట్టును బలవంతంగా తిప్పకూడదని నాకు తెలుసు. నూనె పోసి రోజుల తరబడి ఆగాలి. అప్పుడు కూడా దేవుడి దయ. కానీ బళ్ళారి పెద్దాయన పక్కనే నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. అనంతపురం మాస్టరు ఏం చేస్తాడా అని వాయిద్యాలవాళ్ళంతా చూస్తున్నారు. కీ పెట్టి తిప్పాను. కదల్లేదు. ఇంకొంచెం బలం పెట్టాను. కదిలినట్టే అనిపించింది. సంతోషపడ్డాను కూడా.

టక్.

చాలా చిన్న శబ్దం. మా డ్రమ్మరు కర్ర దెబ్బలాగానే ఉంది.

"ఏమాయె మాస్టరే?" అన్నాడు పెద్దాయన.

చెప్పండి, మీరైతే ఏం చేసేవారు? కడ్డీ విరిగింది, తప్పు నాది అంటే అయిపోయేది. నా నోరు దానంతట అదే తెరుచుకుంది. "ఇది జపాన్ సరుకు గదప్పా, లోపల ఇట్ల టక్కుమంటేనే..." అని మొదలుపెట్టేశాను కూడా. తర్వాతి వాక్యం ఏమిటో నాకే తెలియదు. కానీ వచ్చేది, ఎప్పుడూ వస్తూనే ఉంటుంది.

"మామా, కత వద్దు" అంది పాప.

కోపంగా అనలేదు. అన్నం చాలు అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు అంది. నాకు ఆమె వయసున్నప్పట్నుంచీ జనం నన్ను కథ చెప్పమని అడిగారు. వద్దన్నవాళ్ళు ఇద్దరే. ఒకాయన కర్రతో అన్నాడు. రెండోది ఆయన కూతురు.

పెద్దాయన చెడ్డవాడు కాదు, తొందరలో ఉన్నాడు. వాయిద్యాన్ని ఒకసారి నొక్కి చూసి, తలకాయ అడ్డంగా ఊపాడు. కీబోర్డు అబ్బాయి ఎడంచేత్తో బేస్ కూడా లాగించేస్తాడన్నాడు. తర్వాత పాపతో అన్నాడు, "నువ్వు వైరు పెట్టుకోకుండా నిల్సుకో పాపా. స్టేజి మీద ఖాలీ జాగా కనబడితే పెండ్లోళ్ళు నన్ను అడుగుతారు."

పాప సరేనంది. బేస్ మెడలో వేసుకుని మెట్లెక్కింది.

నేను పోయి జనంలో కూర్చున్నాను. పారిపోదామనే అనుకున్నాను గానీ పాప తల్లి నాకోసం కుర్చీ ఆపి పెట్టింది, పైట చెంగు దాని మీద పరిచి మరీ. పాట మొదలైంది. పాప వేళ్ళు తీగల మీద ఆడుతున్నాయి. ఒక్కటంటే ఒక్క దెబ్బ తప్పడం లేదు. ప్లాస్టర్లు వేసుకున్న వేళ్ళతో, వినబడని తీగల మీద, ఎక్కడ నొక్కాలో అక్కడే నొక్కుతోంది. ఊరికే ఆడించినా ఎవరికీ తెలియదు. అయినా నొక్కుతోంది.

తల్లి నా వైపు వంగింది. "అన్నా, మీ బావ డ్రమ్ము సప్పుడు ఊరవతలికే ఇనబడతాండె. ఈ గిటారుది నాకు తెలీదు. మా పాపది ఏ సప్పుడన్నా?"

నా ఉద్యోగమంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికే. ఏ శబ్దం దేనిది, ఏది మంచిది, ఏది కాదు. ఆమె ముఖం చూశాను. మంచి చీర కట్టుకుంది. అవతల వరస నిండా ఆమెతో పనిచేసే ఆడవాళ్ళు.

"కండ్లు మూసుకో చెల్లెమ్మా" అన్నాను. "చెవితో ఇనొద్దు. రొమ్ములో చూడు. కింద్నుంచి కొట్టినట్టు, మా నాయన దూదేకే విల్లు మోత మాదిరి ఉండాది చూడు... అదే పాపది."

ఆమె కండ్లు మూసుకుంది. రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకుంది. కాసేపటికి ఆమె ముఖం విచ్చుకుంది. దొరికింది ఆమెకు. ఆగలేక పక్కామెకు చెప్పింది. ఆమె చెయ్యి పెట్టుకుంది. ఆమె తన పక్కామెకు చెప్పింది. చూస్తుండగానే వరస వరసంతా కుట్టేవాళ్ళూ కత్తిరించేవాళ్ళూ రొమ్ముల మీద చేతులు పెట్టుకుని, కండ్లు మూసుకుని, కీబోర్డు అబ్బాయి ఎడంచేతిని వింటున్నారు.

స్టేజి మీదనుంచి పాప ఆ వరసను చూసింది. ఎందుకు అట్లా కూర్చున్నారో అర్థం చేసుకోవడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. వరస చివర నన్ను చూసింది. చూసి, తల దించుకుని, ఒక్క దెబ్బ తప్పకుండా నొక్కుతూనే ఉంది. ఈ రాష్ట్రంలో నేను చూసిన స్టేజీలన్నిటిలోకీ నేను తలెత్తి చూడలేనిది అదొక్కటే.

బళ్ళారి వాళ్ళు ఆమెను మళ్ళీ పిలవలేదు. పాప యూనిట్‌కు తిరిగి పోయింది. మిషను ఖాళీ లేదు గనుక తల్లి పక్కన కూర్చుని దారాలు కత్తిరించింది. ఊరూరూ తిరగడం తనకు పడలేదని తల్లితో చెప్పిందట. తల్లి మాత్రం కనబడినవాళ్ళందరికీ తన కూతురి సప్పుడు గురించీ, ఆ గిటారు ఏరి పెట్టిన అన్న గురించీ చెప్పింది. నా పేరు పెరిగింది. కణేకల్ నుంచి, కళ్యాణదుర్గం నుంచి, ఎవరెవరో ఫోన్లు. రాయదుర్గంలో పాపకు బేస్ ఇప్పించింది నువ్వేనంట గదన్నా అని. అప్పట్నుంచే నాకు నడుము నొప్పి. ఆ తర్వాతే కోతి.

నేను బాగుచేయిస్తానని పాపకు ఫోను చేశాను. వద్దులే మామా అంది. మిషను ఖాళీ అయ్యాక మళ్ళీ జేబులు కుట్టి, ఒక్కతే బెంగళూరు పోయి, మెడ విప్పి కొత్త కడ్డీ వేసే మనిషిని వెతుక్కుని, చేయించుకుని వచ్చిందని చాలా రోజులకు తెలిసింది. ఆ పైన ఒకసారి తనే పిలిచింది. మామా, సెలవు పొద్దు ఇంటికి రా, భోజనానికి.

పోయాను. భోజనాలయ్యాక పాప బేస్ కవరు తెరిచింది. అందులో తీగల కింద ఒక ప్లాస్టిక్ సబ్బుపెట్టె, దానికి బొక్కలు, లోపల తడి స్పాంజి. మగ్గం గది తడి లేని లోటు తీర్చడానికి, మెడ ఎండిపోకుండా. ఇది నేనెవరికీ నేర్పింది కాదు. తర్వాత నల్ల మూత విప్పి, కీ తీసి నా ముందుకు చాచింది. మగ్గం గదిలో చాచినట్టే. నేను ఒక్క మాట మాట్లాడకుండా తిప్పాను. వెన్నలో తిరిగినట్టు తిరిగింది. మూత బిగించి ఇచ్చాను.

చిన్న బాక్సుకు వైరు పెట్టి వాయించింది. నేను చెప్తే నమ్మరని తెలుసు, అయినా చెప్తాను. నా జీవితంలో విన్న బేస్‌లలో అదే గొప్పది. మా నాయన విల్లు మోత నాకు మళ్ళీ వినబడింది.

తల్లి గోడకు ఆనుకుని, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, కండ్లు మూసుకుని విన్నది. పాట అయిపోయాక కండ్లు తెరిచింది.

"బాగుండాది" అంది. "గాని ఆ పొద్దు పెండ్లిలో సప్పుడు ఇంతకన్నా బాగుండె. గదన్నా?"

నోటి నిండా కథలు వచ్చాయి. బాక్సు చిన్నది, గది చిన్నది, పెళ్ళిలో గాలి వేరు. పాప నన్నే చూస్తోంది.

"ఆ పొద్దు సప్పుడు పాపది కాదు చెల్లెమ్మా" అన్నాను. "గిటారు కడ్డీ నేనే ఇరగ్గొట్టినా. పాప వైరు పెట్టుకోలే. నువ్వు ఇన్నది పక్కన కీబోర్డు పిల్లోడిది. నేను నీకు అబద్ధం చెప్పినా."

ఆమె నా ముఖం చూసింది. తర్వాత నవ్వింది. పైట నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"పాయసంలో పండ్లు తాళమేసినాయని మీ బావతో చెప్పినోడివి నువ్వు. నీ కతలు మానుకోవు గదన్నా" అంది. "నా రొమ్ములో ఇన్నది నాకు తెలీదా?"

నవ్వు ఆగాక కూతురి వైపు తిరిగింది. "ఇంగొకటి వాయించు పాపా. ఈ మారు ఆ పొద్దు మాదిరి వాయించు."

పాప కాసేపు తీగల వైపు చూసింది. "సరేమ్మా" అంది.

వాయించింది. మొదటి నాలుగు దెబ్బలకే గుర్తుపట్టాను. అది ఆమె వాయింపు కాదు. కీబోర్డు అబ్బాయి ఆ సాయంత్రం ఎడంచేత్తో లాగించిన వరస అది, ఉన్నదున్నట్టు. అతను తొందరపడి దాటేసిన చోటుతో సహా. వినబడని తీగల మీద నిలబడి ఆమె దాన్ని ఎంత విన్నదో అప్పుడు తెలిసింది నాకు.

తల్లి చెయ్యి మళ్ళీ రొమ్ము మీదికి పోయింది.

"ఆ, ఇది" అంది కండ్లు మూసుకుని. "ఇదీ మా పాప సప్పుడు."